బోటు అవర్ మీటరు ఆగిపోయిందా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

ఇంజిన్ బాగానే నడుస్తోంది, లైట్లు వెలుగుతున్నాయి, జీపీఎస్ కూడా పనిచేస్తోంది, అవర్ మీటరు (ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో లెక్కపెట్టేది) మాత్రం పోయిన వారం ఏ అంకె మీద ఉందో ఇవాళ కూడా అదే అంకె మీద ఉంది. చాలామంది దీన్ని పట్టించుకోరు. ఇంజిన్ ఆగలేదుగా, వల పడుతోందిగా, ఆ మీటరుతో ఏం పని అంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. బండికి కిలోమీటర్లు ఎలాగో బోటుకి గంటలు అలాగ. ఆయిల్ ఎప్పుడు మార్చాలి, డీజిల్ ఫిల్టరు ఎప్పుడు తీయాలి, నీళ్ల పంపులో ఇంపెల్లర్ (నీళ్లు తోసే రబ్బరు రెక్కల చక్రం) ఎప్పుడు విప్పి చూడాలి, అన్నీ గంటల లెక్కే. ఫోర్‌స్ట్రోక్ ఔట్‌బోర్డ్ (బోటు వెనక బయట తగిలించే) మోటార్లకైతే మామూలుగా మొదటి 20 గంటలకు ఒకసారి, తర్వాత ప్రతి 100 గంటలకు ఒకసారి ఆయిల్ మార్చమని కంపెనీ పుస్తకంలోనే రాసి ఉంటుంది. మీటరు ఆగిపోతే ఆ 100 ఎప్పుడు దాటిందో ఎవరికీ గుర్తుండదు, మూడు వారాలైందా నాలుగా అని డెక్కు మీద నిలబడి వాదించుకోవడమే మిగులుతుంది.

మేము చెన్నైలో కాసిమేడు హార్బర్ దగ్గర ఉంటాం, సొంతూరు నెల్లూరు వైపు. బోట్లలో కరెంటు పనులు చేస్తుంటాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కదా, పెద్ద బోట్లన్నీ కట్టేసి ఉండే ఆ రోజుల్లోనే ఇలాంటి పనులు ఎక్కువ వస్తాయి. మీ బోటు కూడా ఒడ్డున ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోండి. అలల మీద ఊగుతూ ప్యానెల్లో తల దూర్చి చేసే పని కాదిది.

ముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మీటరు కదలట్లేదంటే మీటరే పోయిందని అనుకోకండి. 2023 డిసెంబరు మొదటి వారంలో తుఫాను వానలు పడ్డాక మా మామయ్య ఫోన్ చేసి, "అల్లుడూ, మీటరు చచ్చింది, వచ్చేటప్పుడు కొత్తది పట్టుకొచ్చెయ్" అన్నాడు. పట్టుకెళ్లి బిగించాను. అదీ తిరగలేదు. అప్పుడు వెనక్కి వెళ్లి ఎర్తు వైరు (బ్యాటరీ మైనస్‌కి వెళ్లేది) జాయింటు మీద ఉన్న టేపు ఊడదీశాను. లోపల రాగి లేదు, పచ్చటి చిలుము ఉంది. వేలితో నలిపితే పొడిలా రాలింది. ఇంకో అంగుళం ఇన్సులేషన్ కోశాను, అక్కడా పచ్చగానే ఉంది, ఇంకో అంగుళం, ఇంకో అంగుళం... జానెడు పైన కోశాక గానీ మెరిసే రాగి కనిపించలేదు. ఆ వైరు మార్చి పాత మీటరే మళ్లీ పెడితే ఇప్పటికీ నడుస్తోంది. కొత్త మీటరు డబ్బులు దండగ. అందుకే ఇప్పుడు నేను ఎవరి బోటుకి వెళ్లినా మీటరుని ఆఖర్న అనుమానిస్తాను, వైరునీ ఫ్యూజునీ ఎర్తునీ ముందు చూస్తాను.

పని మొదలుపెట్టే ముందు చేతిలో ఉండాల్సినవి: ఒక మల్టీమీటరు, 12 వోల్టుల బల్బుతో ఒక టెస్ట్ ల్యాంపు (24 వోల్టుల బోటుకి 24 వోల్టుల బల్బు), వైర్ స్ట్రిప్పరు, క్రింపింగ్ ప్లయరు, దానితో వైరు చివర నొక్కే కొన్ని లగ్గులు, హీట్ ష్రింక్ స్లీవు (వేడి చేస్తే వైరు చుట్టూ బిగుసుకునే గొట్టం), చిన్న ఫ్యూజు హోల్డరు, గరుకు కాగితం. ఇంకో ముఖ్యమైనది ఫోను. ప్యానెల్ వెనక ఏదీ ముట్టుకోక ముందే నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి, తర్వాత ఏ వైరు ఎక్కడిదో అని తికమక ఉండదు. అలాగే పాత మీటరు మీద ఉన్న అంకెని కూడా ఫొటో తీసి పెట్టుకోండి, అది ఎందుకో చివర్లో చెప్తాను.

మీ మీటరు ఏ రకమో తెలుసుకోండి. వెనక రెండు పిన్నులే ఉంటే అది మామూలు రకం, ప్లస్సూ మైనస్సూ అందినంత సేపూ గంటలు లెక్కపెడుతుంది, కరెంటు ఆగగానే ఆగుతుంది. అంతకంటే దానికి ఏమీ తెలీదు, ఇంజిన్ నడుస్తోందా లేదా అన్నది కూడా తెలీదు. ఆర్‌పీఎం మీటరులోనే (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చూపేది) కింద చిన్న కిటికీలో గంటలు చూపించే రకం ఇంకొకటి, దాని వెనక మూడో నాలుగో వైర్లుంటాయి. పెట్రోలు ఔట్‌బోర్డ్‌కి స్పార్క్ ప్లగ్ వైరు చుట్టూ ఒక సన్న తీగ నాలుగైదు చుట్లు చుట్టి పెట్టే చిన్న డిజిటల్ మీటరు మూడో రకం. దీనికి చాలావరకు లోపలే బ్యాటరీ ఉంటుంది, అది అయిపోతే కొన్నిటిలో మార్చడానికి కూడా కుదరదు, మీటరే మార్చాలి. ఈ రకాన్ని డీజిల్ ఇంజిన్‌కి కొనకండి. డీజిల్‌కి స్పార్క్ ప్లగ్గే లేదు, తీగ చుట్టడానికి చోటే ఉండదు. ఇక కొత్త ఫ్యూయల్ ఇంజెక్షన్ ఔట్‌బోర్డులు చాలావాటిలో ఇంజిన్ కంప్యూటరే గంటలు గుర్తుపెట్టుకుంటుంది, బయట డిస్‌ప్లే పోయినా ఆ లెక్క పోదు, సర్వీసు వాళ్లు లాప్‌టాప్ తగిలించి చెప్పగలరు. కింద చెప్పేదంతా ఎక్కువగా ఆ మొదటి రకం గురించి, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ బోట్లలో ఉండేది అదే.

ఇప్పుడు పరీక్ష. కీ ఆన్ చేయండి. మీ మీటరు ఇంజిన్ నడిస్తేనే కరెంటు అందే పద్ధతిలో కట్టి ఉంటే ఇంజిన్ స్టార్ట్ చేయాల్సిందే. ఔట్‌బోర్డ్ అయితే నీళ్లు లేకుండా మోటారు తిప్పకండి, ఇంపెల్లర్ కాలిపోతుంది. బోటు లోపల ఉండే ఇన్‌బోర్డ్ ఇంజిన్ దగ్గర బెల్టు, ఫ్లైవీలు తిరుగుతుంటాయి, లుంగీ కొంగు, మెడలో తువ్వాలు, వైరు చివరలు దూరంగా పెట్టండి.

మల్టీమీటరుని డీసీ వోల్టుల మీద పెట్టి, మీటరు వెనక రెండు పిన్నుల మీద రెండు ప్రోబులు ఆనించండి. 12 వోల్టుల బోటుకి ఇంజిన్ ఆగి ఉంటే 12 పైన కొంచెం, నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. 24 వోల్టులదైతే దానికి రెట్టింపు. ఆ వోల్టేజీ సరిగ్గా వస్తోంది, మీటరు మాత్రం కదలట్లేదు అంటే అప్పుడు మీటరే పోయింది, సందేహం లేదు. కానీ వెంటనే ఆ మాట అనేయకండి, అంకెల చక్రాలు తిరిగే పాత రకం మీటర్లలో చివరి అంకె గంటలో పదో వంతు, అంటే అది ఒక గడి జరగడానికి 6 నిమిషాలు పడుతుంది. కనీసం 12 నిమిషాలు చూడండి. కొన్నిటికి ముఖం మీద చిన్న చక్రమో మెరిసే గుర్తో ఉంటుంది, నడుస్తోందని అదే చెప్తుంది.

వోల్టేజీ రాలేదా, అయితే ఎరుపు ప్రోబుని మీటరు ప్లస్ మీదే ఉంచి, నలుపు ప్రోబుని తీసుకెళ్లి నేరుగా బ్యాటరీ మైనస్ మీద పెట్టండి. వైరు అందకపోతే పొడుగు వైరు ఒకటి జోడించుకోండి. ఇప్పుడు 12 చూపించిందంటే ప్లస్ బాగుంది, పోయింది ఎర్తు. అప్పుడు కూడా సున్నానే అంటే ప్లస్ వైపు తేడా ఉంది, ఫ్యూజు, కీ స్విచ్, మధ్యలో జాయింట్లు వరసగా చూసుకుంటూ వెళ్లాలి. ఫ్యూజుని కంటితో చూసి బాగుందనుకోవద్దు. సముద్రం దగ్గర గాజు ఫ్యూజు లోపల తీగ బాగానే ఉంటుంది, రెండు చివర్ల టోపీల కిందా, హోల్డరు స్ప్రింగు మీదా తుప్పు పట్టి కరెంటు ఆగిపోతుంది. తీసి గరుకు కాగితంతో రుద్ది పెడితే పనైపోయిన బోట్లు నేను ఎన్నో చూశాను.

ఎర్తు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. మన బోట్లకి వచ్చే ఎలక్ట్రీషియన్లు చాలామంది లారీల పని చేసి వచ్చినవాళ్లు. లారీలో ఇనుప బాడీయే ఎర్తు, ఎక్కడ ఒక బోల్టు దొరికితే అక్కడ మైనస్ బిగించేయొచ్చు. ఫైబర్ బోటుకీ చెక్క బోటుకీ అది కుదరదు, చెక్కలోంచి కరెంటు పోదు, ప్రతి మీటరు మైనస్సూ వైరు మీదుగానే బ్యాటరీ దాకా వెళ్లాలి. ప్యానెల్లో సాధారణంగా ఒక మీటరు ఎర్తు నుంచి పక్క మీటరుకి, అక్కడి నుంచి ఇంకోదానికి గొలుసులా కలుపుకుంటూ పోతారు. మధ్యలో ఒక్క లగ్గు వదులైతే దాని తర్వాతవన్నీ తేడా చేస్తాయి. మీ అవర్ మీటరుతో పాటు టెంపరేచర్ ముల్లు, ఆయిల్ ముల్లు కూడా పిచ్చిపిచ్చిగా ఊగుతుంటే మీరు కళ్లు మూసుకుని ఎర్తు గొలుసే విప్పండి.

వైరు మీద అనుమానం ఉంటే టెస్ట్ ల్యాంపు వాడండి. మల్టీమీటరు దాదాపు కరెంటు తాగదు కాబట్టి, తీగలో ఒక్క పోగు మిగిలి ఉన్నా అది 12 చూపించేస్తుంది. బల్బు అలా కాదు. అది నిండుగా వెలిగితే వైరు మంచిది, మసగ్గా వెలిగితే లోపల చిలుము తినేసింది. పొడి ఎండలో నడిచి, మంచు పడిన తెల్లవారుజామున ఆగిపోయే మీటర్ల వెనక ఎక్కువసార్లు ఇలాంటి వైరే ఉంటుంది.

మీటరునే తేల్చుకోవాలంటే విప్పి బయటికి తెచ్చి, చిన్న ఫ్యూజు మధ్యలో పెట్టి రెండు వైర్లతో నేరుగా బ్యాటరీకి తగిలించండి. నడిస్తే మీటరు బతికే ఉంది. నడవకపోతే కొత్తది కొనాలి. సీలు చేసిన మీటరుని విప్పి బాగుచేసే ప్రయత్నం నేను చేయను, విప్పాక మళ్లీ ఉప్పు తేమ లోపలికి పోకుండా మూయడం మన చేతిలో పని కాదు.

కొనేటప్పుడు జాగ్రత్తగా చూడాల్సింది వోల్టేజీ. చెన్నైలో జీపీ రోడ్డు స్పేర్ పార్టుల షాపుల్లో, రిచ్చీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అవర్ మీటర్లు దొరుకుతాయి. కానీ "అవర్ మీటరు ఇవ్వండి" అంటే జనరేటరుకి వాడే 230 వోల్టుల ఏసీ మీటరు చేతిలో పెట్టే ప్రమాదం ఉంది, ముందు నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. వెనక్కి తిప్పి డీసీ అని రాసి ఉందో లేదో చదవండి. 10 నుంచి 80 వోల్టుల డీసీ దాకా తట్టుకునే రకం దొరికితే అదే తీసుకోండి, 12కీ 24కీ రెండిటికీ సరిపోతుంది. 12 మాత్రమే అని ఉన్నదాన్ని 24 వోల్టుల బోటులో పెడితే మీటరు కాలిపోతుంది. రెండోది సైజు. గుండ్రటి మీటర్లకు ప్యానెల్ రంధ్రం మామూలుగా 52 మిల్లీమీటర్లు ఉంటుంది, మీది పలకలదైతే పొడుగూ వెడల్పూ కొలిచి కాగితం మీద గీసుకుని వెళ్లండి, పాతదాన్నే జేబులో వేసుకెళ్తే ఇంకా మంచిది. మూడోది నీటి రక్షణ. ఐపీ 67 (దుమ్మూ నీళ్లూ లోపలికి పోవని చెప్పే గుర్తు) అని ఉంటే కొంచెం ఎక్కువ పెట్టయినా తీసుకోండి. లారీ కోసం చేసిన చవక మీటరు పైకప్పు లేని ఫైబర్ బోటులో ఎక్కువ కాలం ఉండదు, అద్దం లోపల ఆవిరి పట్టి అంకె కనబడకుండా పోతుంది.

వైరు కూడా అప్పుడే కొనండి. తగరం పూత ఉన్న రాగి వైరు అడగండి, ధర ఎక్కువే, కానీ ఉప్పుగాలిలో మామూలు రాగి ఎలా పచ్చబడుతుందో పైన చెప్పాను కదా. మీటరు తాగే కరెంటు చాలా తక్కువ, కాబట్టి లావు వైరు అక్కర్లేదు, 1 చదరపు మిల్లీమీటరు వైరు ధారాళంగా సరిపోతుంది. మరీ సన్నటిది వేస్తే కరెంటుకి తట్టుకుంటుంది గానీ బోటు అదురుడికి తట్టుకోదు.

ఇక మార్చడం. ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి, ఎప్పుడైనా మైనస్సే ముందు. ఒక్క జాగ్రత్త, బోటు నీళ్లలో ఉంటే, మైనస్ తీయగానే అడుగున నీళ్లు తోడే ఆటోమేటిక్ పంపు కూడా ఆగిపోతుంది. అడుగు కారే బోటైతే ముందు నీళ్లు పూర్తిగా తోడేసి, పని త్వరగా ముగించండి. పెట్రోలు ఇంజిన్ ఉన్న బోటులో మూతలన్నీ తీసి గాలి ఆడనిచ్చాకే బ్యాటరీ మీద చెయ్యి వేయండి, అడుగున చేరిన పెట్రోలు ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

పాత మీటరు వెనక బ్రాకెట్ నట్లు విప్పండి. తుప్పు పట్టి రాకపోతే బలం పెట్టకుండా రస్ట్ స్ప్రే కొట్టి పది నిమిషాలు ఆగండి, బలంగా తిప్పితే ప్యానెల్ ఫైబర్ చీలుతుంది. వైర్ల చివర్లు కోసి, మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి వెళ్లండి. పొడుగు చాలకపోతే కొత్త ముక్క కలపండి, చిలుము పట్టిన రాగి మీద మాత్రం లగ్గు నొక్కకండి. స్లీవు ముందే వైరులోకి ఎక్కించి, తర్వాత లగ్గు నొక్కి, గట్టిగా లాగి చూడండి. ఊడి రాకపోతే స్లీవు కిందికి జరిపి వేడి చేయండి. లోపల జిగురు ఉన్న స్లీవు అయితే చివర్ల నుంచి కొంచెం జిగురు బయటికి ఉబికి వస్తుంది, అలా వస్తే లోపలికి తేమ పోదని అర్థం. నల్ల టేపు మాత్రం చుట్టకండి, ఎండకి దాని జిగురు కరిగి జారిపోతుంది, మధ్యలో ఉప్పు నీళ్లు నిలిచిపోతాయి.

అంచు చుట్టూ సిలికాన్ రాస్తారు కొందరు. రాయండి, కానీ వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు. అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం రాగిని తినేస్తుంది. వాసన లేని న్యూట్రల్ రకం అడిగి తీసుకోండి.

ప్లస్ ఎక్కడ నుంచి ఇవ్వాలి అన్నది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. ఎక్కువమంది కీ స్విచ్ నుంచి ఇచ్చేస్తారు, సులభం. కానీ కీ ఆన్‌లో వదిలేసి, ఇంజిన్ ఆపి, పాటలు వింటూ వల ఎత్తేదాకా కూర్చుంటే ఆ గంటలన్నీ ఇంజిన్ ఖాతాలో పడతాయి. నెల తిరిగేసరికి లెక్క ఎంతో తప్పుతుంది. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, ఆయిల్ ప్రెజర్ స్విచ్ మీదుగా ఇవ్వడం, ప్రెజర్ వచ్చినప్పుడే అంటే ఇంజిన్ నిజంగా తిరుగుతున్నప్పుడే మీటరు నడుస్తుంది. ఇక్కడ చాలా జాగ్రత్త. ఇంజిన్ మీద ముందే ఉన్న, ఆయిల్ హెచ్చరిక ఎర్ర లైటుని వెలిగించే స్విచ్ దీనికి పనికిరాదు. అది ప్రెజర్ లేనప్పుడు కలిసి, ప్రెజర్ రాగానే విడిపోయే రకం, దానికి తగిలిస్తే ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు గంటలు నడుస్తాయి, ఇంజిన్ నడిస్తే ఆగుతాయి. ప్రెజర్ వచ్చాక కలిసే రకం స్విచ్ విడిగా తెచ్చి టీ జాయింటుతో బిగించాలి, లేదా రెండు పనులూ చేసే ఎక్కువ పిన్నుల స్విచ్ వేయించాలి. ఆయిల్ లైను విప్పే పని కాబట్టి ఇది మెకానిక్ చేతనే చేయించండి.

రెండోది ఆల్టర్నేటరు, అంటే ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసేది. దాని మీద ఛార్జింగ్ లైటు వైరు వచ్చే పిన్ను ఉంటుంది, డీ ప్లస్ అనో ఎల్ అనో రాసి ఉంటుంది. ఇంజిన్ తిరిగి ఛార్జింగ్ మొదలైతేనే దాని మీద నిండు వోల్టేజీ వస్తుంది, ఆగి ఉంటే వోల్టో రెండు వోల్టులో ఉంటుంది, మీటరు కదలదు. నాకు ఈ పద్ధతే ఇష్టం, ఖర్చు లేదు, ఇంకో లాభం కూడా ఉంది, ఛార్జింగ్ పోతే మీటరు కూడా ఆగుతుంది కాబట్టి అదో హెచ్చరిక అవుతుంది. ఎలా ఇచ్చినా ప్లస్ వైపు 1 ఆంపియరు ఫ్యూజు తప్పకుండా పెట్టండి, అది కూడా ప్లస్ తీసుకున్న చోటికి దగ్గర్లో.

అన్నీ బిగించాక మైనస్ తగిలించి, ముందు కీ మాత్రం ఆన్ చేసి చూడండి, ఆల్టర్నేటరు నుంచో ప్రెజర్ స్విచ్ నుంచో ఇచ్చి ఉంటే మీటరు నడవకూడదు. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేయండి, నడవాలి. ఫోన్లో అలారం పెట్టి సరిగ్గా ఒక గంట నడపండి, చివరి అంకె పది గడులు జరిగిందో లేదో చూడండి. కొత్త వైరుని క్లిప్పులతో కట్టి, ఎగ్జాస్టు పైపుకీ బెల్టుకీ దూరంగా ఉందో లేదో ఇంజిన్ నడుస్తుండగానే టార్చి వేసి చూడండి.

మొదట్లో తీసిన అంకె ఫొటో ఇప్పుడు కావాలి. కొత్త మీటర్లు చాలావరకు సున్నా నుంచే మొదలవుతాయి, పాత అంకె అందులో పెట్టడానికి ఉండదు. అందుకని ప్యానెల్ తలుపు లోపలి వైపు, నీళ్లకి చెరగని పెయింట్ మార్కరుతో తేదీ, పాత మీటరు ఆగిన అంకె, కొత్తది మొదలైన అంకె రాయండి. పాతది ఎన్నాళ్ల నుంచి ఆగి ఉందో ఆ రోజులకి సుమారు గంటలు కూడా కలపాలి. మంచి కొలత డీజిల్ బిల్లులే. మీటరు బాగున్న నెలలో ఎన్ని లీటర్లకి ఎన్ని గంటలు తిరిగిందో చూసి, ఆగిన రోజుల్లో పోసిన లీటర్లని దానితో లెక్కేస్తే దాదాపు సరైన అంకె వస్తుంది. మా మామయ్య బోటులో ఇలా రాయించాక, పోయినసారి ఆయిల్ మార్చే రోజు వచ్చినప్పుడు ఎవరూ వాదించుకోలేదు, తలుపు తెరిచి చదివాడు, కూడాడు, డబ్బా తెమ్మన్నాడు. పాత మీటరుని కూడా పారేయకండి, కవర్లో చుట్టి ఇంజిన్ కాగితాలతో పాటు పెట్టండి. రేపు బోటు అమ్మేటప్పుడు కొనేవాడు ముందు అడిగేది ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందనే.